గ్రీన్ టిక్కుని నమ్మొద్దు: కుబెర్నెటిస్ జాబ్‌లకి వర్క్‌లోడ్ ఏజెంట్‌ని ఎలా సెట్ చేయాలి

తుని నుంచి మాట్లాడుతున్నాను. బస్సులో ఇయర్‌ఫోన్స్ మర్చిపోయినవాళ్ల కోసం, డేటా అయిపోయినవాళ్ల కోసం ఎప్పట్లాగే ఈ ఎపిసోడ్‌ని కూడా రాతలో పెడుతున్నాను. మాట్లాడినట్టే ఉంటుంది. కమాండ్లు వచ్చిన చోట మాత్రం కొంచెం నెమ్మదిగా చదవండి.

ఈ టాపిక్ చాలామంది అడిగారు. "అక్కా, ఆఫీసులో నన్ను బ్యాచ్ జాబ్స్ టీమ్‌లో వేశారు. నిన్నటిదాకా అన్నీ మామూలు సర్వర్ల మీద నడిచేవి, ఇప్పుడు కుబెర్నెటిస్‌కి మారుస్తున్నారు. ఏజెంట్‌ని ఎలా సెట్ చేయాలి?" ఇదీ ప్రశ్న. ఇన్‌స్టాల్ చేసే స్టెప్పులు మాన్యువల్లో ఉంటాయి. మాన్యువల్లో కనపడని సంగతి నాకు ఒక రాత్రి తెలిసొచ్చింది. ముందు ఆ రాత్రి గురించి చెప్తాను, తర్వాత సెట్టింగ్స్‌కి వెళ్దాం.

ఆ రాత్రి ఏం జరిగిందంటే

వీడియోలు మొదలుపెట్టకముందు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేదాన్ని. కంపెనీ పేరు వద్దులెండి. మా బ్యాచ్ పని ఏంటంటే, చిన్న చిన్న షాపుల వాళ్లకి నిన్న వచ్చిన డబ్బుల లెక్క కట్టి, వాళ్ల ఖాతాల్లో వేయమని ఒక ఫైలు తయారుచేయడం. రాత్రి 12:30కి మొదలవ్వాలి, తెల్లారేలోపు ఫైలు వెళ్లిపోవాలి.

ఆ రాత్రి డ్యూటీ నాదే. 12:30కి జాబ్ మొదలైంది, 12:31కి గ్రీన్ టిక్కు పడింది. రోజూ పది నిమిషాలు పట్టే జాబ్ నిమిషంలో ఎందుకు అయిపోయిందని నాకు డౌట్ రావాలి కదా? రాలేదు. గ్రీన్ చూశాను, పడుకున్నాను.

పొద్దున్న ఏడున్నరకి ఫోన్ల మీద ఫోన్లు. ఒక్క షాపుకీ డబ్బులు పడలేదు. కాల్ పెట్టారు. షెడ్యూలర్ టీమ్ వాళ్లు "మా వైపు సక్సెస్ అండి" అన్నారు. క్లస్టర్ టీమ్ వాళ్లు "మా దగ్గర ఒక్క ఫెయిల్యూరూ లేదండి" అన్నారు. చెప్తే నమ్మరు గానీ, ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

మా ఊరి పేరు వినపడే మాట ఒకటుంది, తుని తగువు అని. చెరిసగం చేసేసి తీర్చే తగువన్నమాట. ఆ కాల్ కూడా అక్కడికే వచ్చింది. తప్పు సగం మీది, సగం వాళ్లది, ఇకమీదట జాగ్రత్తగా ఉందాం అనేసి ముగించబోయారు. అలా పంచేసుకుంటే ఎవరికీ కోపం రాదు. కానీ అసలు కారణం అక్కడే ఉండిపోతుంది, ఇంకో రాత్రి మళ్లీ వస్తుంది.

ఆ అసలు కారణం నేను చేసిన మార్పు. ఏం మార్పో కాసేపట్లో చెప్తాను. అది అర్థం కావాలంటే ముందు మూడు విషయాలు తెలియాలి.

షెడ్యూలర్, ఏజెంట్, క్లస్టర్: ఎవరి పని ఏంటి?

వర్క్‌లోడ్ ఆటోమేషన్ అంటే పెద్ద కంపెనీల్లో వేల జాబ్‌లని టైం ప్రకారం, ఒకదాని తర్వాత ఒకటి నడిపించే వ్యవస్థ. ఆటోసిస్, కంట్రోల్-ఎం లాంటి పేర్లు మీరు వినే ఉంటారు. ఆటోసిస్ సీఏ టెక్నాలజీస్‌ది, 2018లో బ్రాడ్‌కామ్ ఆ కంపెనీని కొనడంతో వాళ్లదైంది. కంట్రోల్-ఎం బీఎంసీ వాళ్లది.

"దీనికి క్రాన్ చాలదా?" అని అడుగుతారు. ఒక ఉదాహరణ చెప్తాను. మన రాష్ట్రంలో పెన్షన్లు ఒకటో తారీఖున ఇస్తారు కదా. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం వచ్చింది, అందుకని ఆగస్టు 31నే పంచేశారు. డిసెంబర్ 1 కూడా ఆదివారమే, నవంబర్ 30నే ఇచ్చారు. "ఒకటో తారీఖు ఆదివారమైతే ముందు రోజే" అనే మాట క్రాన్ లైన్లో నేరుగా రాయలేం. ఇలాంటి క్యాలెండర్లు, "ఆ ఫైలు వచ్చాకే ఈ జాబ్" లాంటి షరతులు చూసుకోవడానికే షెడ్యూలర్ ఉంది.

షెడ్యూలర్ ఒక చోట కూర్చుని ఆర్డర్ వేస్తుంది. పని జరిగే చోట ఏజెంట్ ఉంటుంది. రైళ్లతో పోల్చుకోండి. మా తుని స్టేషన్ విజయవాడ డివిజన్ కిందకి వస్తుంది. కంట్రోల్ ఆఫీసులో కూర్చున్నవాళ్లకి తునిలో పట్టాలు కనపడవు. ఇక్కడి నుంచి ఏ కబురు వెళ్తే అదే వాళ్లకి నిజం. ఏజెంట్ కూడా అంతే. ఏజెంట్ ఏది చెప్తే షెడ్యూలర్‌కి అదే నిజం.

ఇక కుబెర్నెటిస్. గూగుల్ 2014లో బయటపెట్టింది, 2015 జులైలో 1.0 వెర్షన్ వచ్చింది. గ్రీకులో ఆ మాటకి చుక్కాని పట్టేవాడు అని అర్థం, మన గోదావరి లాంచీల్లో సరంగులాగా. కంటైనర్లని ఏ మెషీన్ మీద నడపాలి, పడిపోతే మళ్లీ ఎలా లేపాలి అనేది అది చూసుకుంటుంది. మొదలై, పని ముగించి, ఆగిపోయే కంటైనర్ల కోసం అందులో "జాబ్" అనే వస్తువు ఉంది. జాబ్ పాడ్‌ని సృష్టిస్తుంది, పాడ్‌లో మన ప్రోగ్రాం నడుస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మామూలు సర్వర్ మీద ఏజెంట్ స్క్రిప్ట్‌ని తనే నడుపుతుంది. స్క్రిప్ట్ ఆగగానే ఎగ్జిట్ కోడ్ చేతికొస్తుంది, సున్నా అయితే సక్సెస్. కుబెర్నెటిస్‌లో ఏజెంట్ "క్యూబ్ కంట్రోల్ అప్లై" అనే కమాండ్ నడుపుతుంది. ఆ కమాండ్ సున్నా ఇచ్చిందంటే క్లస్టర్ ఆర్డర్ తీసుకుందని మాత్రమే. పని అయిందని కాదు. మొదలైందని కూడా కాదు!

చీటీ మీద తేదీ

మా నాన్నకి తుని బస్టాండ్ దగ్గర చిన్న కిరాణా షాపు. హోల్‌సేల్ షాపుకి రోజూ చీటీ రాసి పంపిస్తారు. ఒకరోజు చీటీలో సరుకులు ముందు రోజువే, లెక్కలూ అవే. అక్కడి కుర్రాడు చూసి "ఇది నిన్నటి చీటీయేగా, సరుకు ఇచ్చేశాంగా" అనుకుని పక్కన పెట్టేశాడు. చీటీ తీసుకెళ్లిన అబ్బాయి వచ్చి "ఇచ్చేశానండి" అన్నాడు. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు. సరుకు మాత్రం రాలేదు. ఆ తర్వాత నుంచి నాన్న చీటీ పైన తేదీ వేస్తున్నారు.

మా జాబ్‌లో అచ్చం ఇదే జరిగింది. కుబెర్నెటిస్‌లో జాబ్ పని ముగించాక కూడా దాని రికార్డు క్లస్టర్‌లో ఉండిపోతుంది. దాన్ని ఎంతసేపటికి తుడిచేయాలో చెప్పే సెట్టింగ్ ఉంది, "టీటీఎల్ సెకండ్స్ ఆఫ్టర్ ఫినిష్డ్". మాది గంట, అంటే 3600. పాడ్ పోతే లాగ్ కూడా పోతుంది కదా, లాగ్స్ చూడటానికి టైం చాలట్లేదని నేను దాన్ని రెండు రోజులు చేశాను. 172800.

మొదటి రాత్రి బాగానే నడిచింది. ముందు రోజు రికార్డు పాత గంట లెక్కతో ఎప్పుడో తుడిచిపెట్టుకుపోయింది కాబట్టి కొత్త జాబ్ పుట్టింది. రెండో రాత్రి అదే పేరుతో, అదే యామిల్ ఫైలుతో అప్లై కొట్టింది. నిన్నటి జాబ్ ఇంకా అక్కడే ఉంది. క్లస్టర్ చూసి "అన్‌ఛేంజ్డ్" అంది, అంటే మారిందేమీ లేదు అని. అది ఎర్రర్ కాదు కాబట్టి ఎగ్జిట్ కోడ్ సున్నా. ఏజెంట్ సక్సెస్ అంది. షెడ్యూలర్ గ్రీన్ వేసింది. ఒక్క పాడ్ కూడా పుట్టలేదు.

మార్పు చేసిన రాత్రి కాకుండా తర్వాతి రాత్రి తన్నడం వల్ల నాకు కూడా వెంటనే తట్టలేదు. తట్టాక, కాల్‌లో చెరిసగం పంచుకుంటుంటే మ్యూట్ తీసి "టీటీఎల్ మార్చింది నేనే" అన్నాను. ఒక పది సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వచ్చిన ప్రశ్న "ఎందుకు మార్చావ్?" అని కాదు. "మరి ఏజెంట్‌కి ఎందుకు తెలీలేదు?" అన్నారు. మంచి ప్రశ్న. మిగతా ఎపిసోడ్ అంతా దానికి జవాబే.

1. ఏజెంట్‌ని ఎక్కడ పెట్టాలి

రెండు దారులు. క్లస్టర్ బయట ఒక మామూలు మెషీన్ మీద పెట్టొచ్చు, లేదా క్లస్టర్ లోపలే పాడ్‌గా నడపొచ్చు. కొత్తవాళ్లకి బయట పెట్టడం తేలిక.

ఆటోసిస్ ఏజెంట్ అయితే "ఏజెంట్‌పార్మ్" అనే టెక్స్ట్ ఫైల్లో సెట్టింగ్స్ ఉంటాయి. ఏజెంట్ పేరు, ఏజెంట్ వినే పోర్టు, మేనేజర్ ఐడీ, మేనేజర్ అడ్రస్, మేనేజర్ పోర్టు. మామూలుగా ఏజెంట్ 7520లో వింటుంది, మేనేజర్ 7507లో వింటుంది. మాటలు రెండు వైపులా నడవాలి కాబట్టి ఫైర్‌వాల్‌లో రెండు దారులూ తెరవాలి. ఒక వైపే తెరిస్తే జాబ్ మొదలవుతుంది, అయినట్టు కబురు మాత్రం వెనక్కి రాదు. ఎన్‌క్రిప్షన్ కీ రెండు వైపులా ఒకటే ఉండాలి.

లోపల పాడ్‌గా పెడితే ఒక జాగ్రత్త. పాడ్ ఎప్పుడైనా చచ్చి మళ్లీ పుట్టొచ్చు. ఏ జాబ్ ఎంతవరకు వచ్చిందో ఏజెంట్ రాసుకునే ఫోల్డర్ దాంతోపాటే పోతే, లేచిన ఏజెంట్‌కి గతం గుర్తుండదు. అందుకని స్టేట్‌ఫుల్‌సెట్‌గా పెట్టి, ఆ ఫోల్డర్‌కి పర్సిస్టెంట్ వాల్యూమ్ తగిలించండి. అప్పుడు పేరూ మారదు, జ్ఞాపకమూ పోదు.

2. ఎంత అధికారం ఇవ్వాలి

తొందరలో చాలామంది చేసే పని, ఏజెంట్‌కి క్లస్టర్ అడ్మిన్ ఇచ్చేయడం. వద్దండి. ఆ టోకెన్ ఎవరి చేతిలోనైనా పడితే క్లస్టర్ మొత్తం వాళ్లదే.

మా ఊరి పక్కనే తాండవ నది. వంతెన దాటితే పాయకరావుపేట. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక తుని కాకినాడ జిల్లాలో ఉంది, పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలో ఉంది. నడిచి వెళ్లేంత దూరమే, కానీ అక్కడి కలెక్టర్ వేరు. కుబెర్నెటిస్‌లో నేమ్‌స్పేస్ అలాంటి జిల్లా. "రోల్" ఒక జిల్లాకే పనిచేస్తుంది, "క్లస్టర్ రోల్"ని రాష్ట్రమంతటికీ ఇవ్వొచ్చు. మన ఏజెంట్‌కి ఒక్క జిల్లా చాలు.

బ్యాచ్ జాబ్‌లకి విడిగా ఒక నేమ్‌స్పేస్, అందులో ఒక సర్వీస్ అకౌంట్, దానికి ఒక రోల్. రోల్‌లో జాబ్స్ మీద సృష్టించడం, చూడటం, జాబితా తీయడం, గమనించడం, తీసేయడం. పాడ్స్ మీద చూడటం, జాబితా తీయడం. ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. లాగ్స్ చదవడానికి "పాడ్స్ స్లాష్ లాగ్" అని విడిగా రాయాలి. పాడ్స్ చూడనిస్తే లాగ్స్ కూడా వచ్చేస్తాయనుకుంటే రావు.

సరిగ్గా ఇచ్చామో లేదో చూడటానికి "క్యూబ్ కంట్రోల్ ఆథ్ క్యాన్-ఐ" కమాండ్ ఉంది. ఆ సర్వీస్ అకౌంట్ పేరు మీద "జాబ్ సృష్టించొచ్చా?" అని అడిగితే ఎస్ లేదా నో చెప్తుంది. పక్క నేమ్‌స్పేస్ గురించి కూడా అడగండి. అక్కడ నో రావాలి.

టోకెన్ సంగతి కూడా చూడాలి. కుబెర్నెటిస్ 1.24 నుంచి సర్వీస్ అకౌంట్‌కి ఎప్పటికీ చెల్లే టోకెన్ దానంతటదే తయారవదు. కమాండ్‌తో తీసుకునే టోకెన్ మామూలుగా గంట చెల్లుతుంది. రెండు గంటల జాబ్‌ని బయట నుంచి గమనిస్తుంటే మధ్యలో టోకెన్ చచ్చిపోతుంది. కాబట్టి స్క్రిప్ట్ కొత్త టోకెన్ తెచ్చుకునేలా ఉండాలి. ఏజెంట్ పాడ్ లోపల ఉంటే ఈ బాధ తక్కువ, టోకెన్ ఫైలుని క్లస్టరే ఎప్పటికప్పుడు మారుస్తుంటుంది.

3. పేరులో తేదీ వేయండి

నాన్న చీటీ పాఠం ఇది. జాబ్ పేరులో వ్యాపార తేదీ, రన్ నంబర్ రెండూ పెట్టండి. ఉదాహరణకి సెటిల్‌మెంట్, 20240314, రన్ 1. ఈ రెండూ షెడ్యూలరే ఇవ్వాలి. పేరు 63 అక్షరాలు దాటకూడదు, అన్నీ చిన్న అక్షరాలే.

"అప్లై" బదులు "క్రియేట్" వాడండి. అదే పేరుతో జాబ్ ముందే ఉంటే అప్లై నోరు మూసుకుంటుంది, క్రియేట్ "ఇది ముందే ఉంది" అని ఎర్రర్ ఇస్తుంది. రాత్రి పూట మనకి కావాల్సింది అరిచే కమాండ్.

ప్రోగ్రాంకి కూడా తేదీని బయట నుంచే, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పంపండి. ఆ పొద్దున్న మాకు రెండో దెబ్బ ఇక్కడే తగిలింది. పాత జాబ్ తీసేసి 8:30కి మళ్లీ నడిపాం. ఫైలు వచ్చింది, అందులో నిన్నటి లెక్క లేదు, పొద్దుటి నుంచి జరిగిన నాలుగు అమ్మకాలే ఉన్నాయి. ఎందుకంటే ప్రోగ్రాం "ఈరోజు తేదీ ఎంత?" అని కంటైనర్‌ని అడుగుతోంది, కంటైనర్ గడియారం యూటీసీలో ఉంది. మన టైం దానికంటే 5:30 గంటలు ముందు. మన 15వ తేదీ రాత్రి 12:30 అంటే అక్కడ ఇంకా 14వ తేదీ సాయంత్రం 7. అందుకే రోజూ నిన్నటి లెక్క సరిగ్గా వస్తోంది. మేం బాగా రాశామనుకున్నాం, అదంతా అదృష్టం. తెల్లవారుజామున 5:30 దాటితే యూటీసీలో కూడా తేదీ మారిపోతుంది, లెక్క తప్పుతుంది.

ఇంకో సంగతి. తేదీని మొదటి నుంచే యామిల్‌లో పంపి ఉంటే ఆ రాత్రి అప్లై కూడా గట్టిగా ఫెయిల్ అయ్యేది. ఎందుకంటే ఒకసారి పుట్టిన జాబ్‌లో పాడ్ టెంప్లేట్‌ని మార్చనివ్వదు. రెడ్ పడేది, నేను లేచేదాన్ని.

షెడ్యూలర్ ఉన్నప్పుడు కుబెర్నెటిస్ క్రాన్‌జాబ్‌ని మళ్లీ పెట్టకండి. పనికి రెండు గడియారాలు ఉండకూడదు. షెడ్యూలర్ లేకుండా క్రాన్‌జాబే వాడేవాళ్లయితే టైం జోన్ ఫీల్డ్ తప్పకుండా రాయండి, అది 1.27 వెర్షన్ నుంచి స్థిరపడింది.

4. మూడు జవాబులు: అయింది, పోయింది, తెలీదు

నా దృష్టిలో మొత్తం సెటప్‌లో ముఖ్యమైనది ఇదే. ఏజెంట్ నడిపే స్క్రిప్ట్ జాబ్‌ని సృష్టించి వెళ్లిపోకూడదు. దగ్గరే కూర్చుని చివరిదాకా చూడాలి.

చాలామంది "క్యూబ్ కంట్రోల్ వెయిట్" వాడి, కంప్లీట్ అయ్యేదాకా ఆగమంటారు. అందులో రెండు గుంతలు. ఒకటి, టైం చెప్పకపోతే 30 సెకన్లే ఆగుతుంది. రెండు, జాబ్ ఫెయిల్ అయినా దానికి పట్టదు, కంప్లీట్ కోసం అలా చూస్తూనే ఉంటుంది. అందుకని 15 సెకన్లకోసారి జాబ్ స్టేటస్ అడిగే చిన్న లూప్ రాసుకోండి. కంప్లీట్ వస్తే 0. ఫెయిల్డ్ వస్తే 1. రెండూ రాకపోతే మళ్లీ అడుగు.

మరి అడగడమే కుదరకపోతే? నెట్‌వర్క్ పోయింది, టోకెన్ చచ్చింది. దాన్ని ఫెయిల్ అంటే షెడ్యూలర్ మళ్లీ నడిపేస్తుంది, లోపల మొదటిది ఇంకా నడుస్తూనే ఉండొచ్చు. డబ్బుల జాబ్ రెండుసార్లు నడిస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. సక్సెస్ అంటే నా కథే మళ్లీ. కాబట్టి "తెలీదు"కి ఒక ప్రత్యేకమైన కోడ్ ఇవ్వండి. నేను 75 పెట్టుకున్నాను, మీకు నచ్చింది పెట్టుకోండి. ఆ కోడ్ వస్తే ఆటోమేటిక్‌గా ఏదీ చేయొద్దు, మనిషిని లేపు, అంతే.

ఆటోసిస్‌లో "మ్యాక్స్ ఎగ్జిట్ సక్సెస్" అనే సెట్టింగ్ ఉంటుంది. ఎంత వరకు కోడ్ వస్తే సక్సెస్ అనుకోవాలో అది చెప్తుంది. ఎవరైనా పాత జాబ్ నుంచి కాపీ కొట్టి అక్కడ పెద్ద నంబర్ వదిలేస్తే మీ 1, మీ 75 అన్నీ గ్రీన్ అయిపోతాయి. అది 0 ఉందో లేదో చూడండి.

కంటైనర్ కోడ్‌లలో రెండు గుర్తుపెట్టుకోండి. 137 అంటే బలవంతంగా చంపేశారని, 128కి 9 కలిపితే వచ్చే నంబర్. ఎక్కువసార్లు మెమరీ లిమిట్ దాటినప్పుడు కనపడుతుంది. 143 అంటే మర్యాదగా ఆపమన్నారని, 128కి 15.

5. రిట్రైలు ఒక్కచోటే

కుబెర్నెటిస్ జాబ్‌లో "బ్యాక్‌ఆఫ్ లిమిట్" ఏమీ రాయకపోతే 6. అంటే మొదటిసారితో కలిపి ఏడు ప్రయత్నాలు, మధ్యలో 10 సెకన్లు, 20, 40 అలా పెరుగుతూ ఆగుతుంది. షెడ్యూలర్‌లో కూడా మూడు రిట్రైలు పెట్టారనుకోండి. నాలుగేళ్లు ఇరవై ఎనిమిది. ఒక్క చెడ్డ ఫైలుకి 28 సార్లు!

ఒకచోటే పెట్టండి. నేనైతే బ్యాక్‌ఆఫ్ లిమిట్ 0, రీస్టార్ట్ పాలసీ నెవర్ అని రాసి, మళ్లీ నడపాలా వద్దా అనేది షెడ్యూలర్‌కి వదిలేస్తాను. అక్కడైతే నలుగురికీ కనపడుతుంది.

ఇంత చేసినా అరుదుగా ఒకే ప్రోగ్రాం రెండుసార్లు మొదలవ్వొచ్చని కుబెర్నెటిస్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. అందుకని ప్రోగ్రాం కూడా "ఈ తేదీ లెక్క ఇప్పటికే అయిపోయిందా?" అని చూసుకుని మొదలవ్వాలి. ఇది ఏజెంట్ తీర్చే సమస్య కాదు, డెవలపర్‌ని అడగాలి. అడగడానికి మొహమాటపడకండి.

6. టైం లిమిట్లు, ఆపడం, లాగ్స్

ఇమేజ్ పేరు తప్పు రాస్తే పాడ్ "ఇమేజ్ పుల్ బ్యాక్‌ఆఫ్"లో అలా ఉండిపోతుంది. జాబ్ దాన్ని ఫెయిల్ అనదు, ఇంకా నడుస్తున్నట్టే చెప్తుంది. అందుకని "యాక్టివ్ డెడ్‌లైన్ సెకండ్స్" తప్పనిసరి. ఆటోసిస్‌లో కూడా "టర్మ్ రన్ టైం" ఉంటుంది, ఇంతసేపు దాటితే చంపేయమని. ఒకటి సెకన్లలో, ఒకటి నిమిషాల్లో. రెండింటినీ ఒకేలా రాసేసి తప్పులో కాలేయకండి.

క్లస్టర్ లిమిట్ కొంచెం తక్కువ ఉండాలి. షెడ్యూలర్‌లో 60 నిమిషాలైతే క్లస్టర్‌లో 3300 సెకన్లు, అంటే 55 నిమిషాలు. అప్పుడు ముందు క్లస్టరే ఆపుతుంది, ఎందుకు ఆగిందో ఏజెంట్ చూసి చెప్తుంది.

తిరగబడితే ఏమవుతుందంటే, షెడ్యూలర్ ఏజెంట్ స్క్రిప్ట్‌ని చంపుతుంది. లోపల పాడ్ మాత్రం ఎవరికీ చెప్పకుండా నడుస్తూనే ఉంటుంది. స్క్రీన్ మీద "టెర్మినేటెడ్", క్లస్టర్‌లో పని జోరుగా! అందుకే స్క్రిప్ట్‌కి ఆపమనే సిగ్నల్ వచ్చినప్పుడు జాబ్‌ని కూడా తీసేసి బయటకి రావాలి. జాబ్ తీసేస్తే దాని పాడ్ కూడా పోతుంది, సర్దుకోవడానికి ఏమీ చెప్పకపోతే 30 సెకన్లు ఇస్తారు.

చివరగా లాగ్స్. జాబ్ ముగియగానే, కోడ్ చెప్పేముందే, స్క్రిప్ట్ లాగ్‌ని తీసుకుని ఏజెంట్ మెషీన్ మీద దాచాలి. లేబుల్‌తో లాగ్స్ అడిగితే చివరి 10 లైన్లే వస్తాయి. మొత్తం కావాలంటే టెయిల్ మైనస్ 1 అని చెప్పాలి. ఈ ఒక్క పని ముందే చేసి ఉంటే టీటీఎల్ జోలికి నేను వెళ్లేదాన్నే కాదు. గంట అలాగే ఉండేది, ఆ రాత్రి ఉండేది కాదు.

లైవ్‌లోకి పంపేముందు ఐదు పరీక్షలు

మీ ల్యాప్‌టాప్‌లో మినీక్యూబ్ వేసుకోండి. రెండు సీపీయూలు, 2 జీబీ ఖాళీ మెమరీ, 20 జీబీ డిస్క్ ఉంటే నడుస్తుంది. ఆటోసిస్ లైసెన్స్ లేకపోయినా పర్లేదు, స్క్రిప్ట్‌ని చేత్తో నడిపి ఎగ్జిట్ కోడ్ చూసుకోవచ్చు. సక్సెస్ అయ్యే పరీక్ష అందరూ చేస్తారు. మీరు పాడుచేసే పరీక్షలు చేయండి.

ఒకటి, ప్రోగ్రాం కావాలని 1తో ఆగేలా చేయండి. రెడ్ పడాలి.
రెండు, ఇమేజ్ పేరు తప్పు రాయండి. డెడ్‌లైన్ దాటగానే రెడ్ పడాలి.
మూడు, మెమరీ లిమిట్ బాగా తగ్గించండి. 137 లాగ్‌లో కనపడాలి.
నాలుగు, అదే తేదీ, అదే రన్ నంబర్‌తో రెండోసారి నడపండి. గ్రీన్ పడిందంటే ఆగిపోండి, నా తప్పు మీ దగ్గరా ఉంది.
ఐదు, జాబ్ నడుస్తుండగా ఏజెంట్ అనుమతి తీసేయండి. 75 రావాలి.

ఐదూ సరిగ్గా వచ్చాయా? అయితే మీ గ్రీన్ టిక్కుని నమ్మొచ్చు.

ఆ రోజు నిన్నటి తేదీతో ఫైలు సరిచేసి పంపేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. నాన్న షాపుకీ మా కంపెనీకీ సంబంధం లేదు, ఆయన వాడేది వేరే క్యూఆర్. కానీ రోజూ పొద్దున్నే ఫోన్ తీసి నిన్నటి డబ్బులు పడ్డాయో లేదో చూసుకుని, అవి పడితేనే హోల్‌సేల్‌కి చీటీ రాస్తారు. "ఒక రోజు పడకపోతే ఏం చేస్తావ్ నాన్నా?" అని అడిగాను. "ఏముందమ్మా, ఆ రోజు సగం సరుకు తెచ్చుకుంటాను" అన్నారు, మామూలుగా.

మేం కాల్‌లో తప్పుని చెరిసగం పంచుకుంటున్న టైంలో ఎన్ని షాపులకి సగం సరుకే వచ్చి ఉంటుందో! అప్పటి నుంచి గ్రీన్ టిక్కు కనపడినప్పుడల్లా "ఇది ఎవరు చెప్పారు? వాళ్లకి ఎలా తెలుసు?" అని ఒకసారి అడుగుతాను. మీరూ అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ లూప్ స్క్రిప్ట్‌ని లైన్ లైన్‌గా రాసి చూపిస్తాను. అప్పటిదాకా ఐదు పరీక్షలూ చేసి పెట్టుకోండి. ఉంటానండి మరి, బై!